ఎనిమిదో గీత

“కొంప ముంచావు కదమ్మా! ఏడు కుట్టమంటే ఎనిమిది కుట్టావేంటి?”

బల్ల మీద పరిచిన జెండా మీది గీతల్ని ప్రోటోకాల్ ఆఫీసరు మళ్లీ లెక్కపెట్టాడు. రాష్ట్రం పుట్టి ఇవాళ్టికి వందేళ్లు. సాయంత్రం నాలుగింటికి శాసనసభ మీద ఎగరాల్సిన జెండా ఇది. టైము రెండయింది. చేతిలో వేరే జెండా లేదు, ఈ రెండు గంటల్లో కుట్టిచ్చే మొనగాడూ లేడు. అందరి ముందూ తప్పు జెండా ఎగిరిందా, ముప్ఫై ఏళ్ల సర్వీసులో సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో మట్టిలో కలిసినట్టే.

కుట్టుపనామె తల కూడా ఎత్తలేదు. జెండా అంచు మడిచి కుట్టుకుంటూ, “ఎనిమిదే సార్,” అంది.

“నాకా చెప్తున్నావు?” ఆయనకి ఒళ్లు మండింది. మామూలుగానే జెండా ఊసెత్తితే ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. “ఈ నీలం మన సముద్రం. ఈ దీపస్తంభం మొట్టమొదటి ఓడని దారి తప్పకుండా ఒడ్డుకి చేర్చింది. ఈ తెల్ల గీతలు మన నది పాయలు. ఏడంటే ఏడు! మొదటి పాయ ఒడ్డున ఉప్పు పండించుకునే మన తాతలు బతికారు. మూడో పాయలో పడవలేసుకెళ్లి పరాయి దండుని తరిమికొట్టారు. ఏడో పాయ దగ్గర ఇప్పుడు రేవుంది. రెండో క్లాసు పిల్లాణ్ణి అడిగినా ఏడనే చెప్తాడు!”

“కుట్టు బాలేదా సార్?”

అక్కడ దొరికిపోయాడు పాపం. ఏం కుట్టు అది! దీపస్తంభం రాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. దాని మీద వాలిన పక్షి, కాస్త చప్పుడైతే ఎగిరిపోయేలా ఉంది. ముప్ఫై ఏళ్లలో ఇంత అందమైన జెండాని ఆయన చూసి ఎరగడు. కానీ ఆ ఎనిమిదో గీత! పైగా అది మిగతావాటిలా తెల్లగా కూడా లేదు, మట్టిరంగులో ఉంది. దీపస్తంభం దాటాక మోచేయిలా వంగి సముద్రంలో కలిసింది.

“కుట్టు బ్రహ్మాండం. అదొక్కటీ విప్పెయ్యి, చాలు.”

“విప్పను సార్.”

“విప్పవా?”

ఇస్త్రీ చేస్తున్న ఆమె అక్క పరుగున వచ్చింది. దుకాణం ఆవిడదే. “దీనికి మొండితనం ఎక్కువ సార్. ఉండండి, నేను విప్పుతా.” కత్తెర పట్టుకుని వంగి ఆ గీతని చూసింది. ఏమనుకుందో ఏమో, కత్తెర బల్ల మీద పెట్టేసి ఇస్త్రీ పెట్టె దగ్గరికి వెళ్లిపోయింది.

ఇద్దరూ ఇద్దరే! ఇక లాభం లేదని ఆఫీసరే కత్తెర అందుకున్నాడు. తీరా చెయ్యి ఆడలేదు. అంత పనితనాన్ని తెంపడానికి మనసొప్పాలి కదా. ఈమెది తప్పని ఒక్క ముక్క చెప్పించుకుంటే కోసెయ్యొచ్చని సర్వే ఆఫీసుకి ఫోన్ కొట్టాడు.

“మన నదికి పాయలెన్నయ్యా?”

“నిరుటిదాకా ఏడు సార్,” అన్నాడు సర్వేయరు. “తుపానుకి ఒడ్డు కోసుకుపోయి దీపస్తంభం అవతల ఇంకోటి పడింది. కొత్తది కదా, నీళ్లింకా బురదబురదగా ఉన్నాయి. పోయిన వారమే కొలిచొచ్చాం, మ్యాపు అచ్చుకి కూడా వెళ్లలేదు. అప్పుడే మీకెవరు చెప్పారు?”

ఆఫీసరు ఫోన్ పెట్టేశాడు. జెండా చట్టం ఆయనకి కంఠతా వచ్చు. ‘నది ఎన్ని పాయలుగా సముద్రంలో కలిస్తే అన్ని గీతలు’ అనే ఉంది అందులో. ఏడని ఎక్కడా లేదు! వందేళ్లుగా ఏడే కాబట్టి అందరూ ఏడే అనేసుకున్నారు, తనతో సహా.

ఆమె అంచు ముగించేదాకా ఆగాడు. తర్వాత జెండాని పసిపాపలా రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. “ఎనిమిదితోనే ఎగరేస్తాం తల్లీ! నీ చేతులకి దండం పెట్టాలి.” గుమ్మందాకా వెళ్లినవాడు ఆగి వెనక్కి తిరిగాడు. “అవునూ, సర్వేవాళ్లే మొన్న కొలిచారు. నువ్వేమో రంగు, వంపు కూడా పొల్లుపోకుండా కుట్టావు. చూడ్డానికి పనిగట్టుకుని అంత దూరం వెళ్లావా?”

ఆమె సూదీ దారం డబ్బాలో పెట్టి మూత వేసింది.

“లేదు సార్. ఆ వంపు దగ్గర మా వంటిల్లు ఉండేది.”