ఎవరూ తడవని వాన

"పేరు మాత్రం చదవొద్దు," అన్నారు శేషగిరిరావు. "పేరు చెవిన పడితే చెయ్యి ఒక పక్కకి వొంగుద్ది. జవాబు ఒక్కటే చదువు."

సరేనని హనుమాయమ్మ కట్టలోంచి పైకాగితం తీసుకుంది.

ఆయన బోర్డు హైస్కూల్లో తెలుగు పండితులు. రెండు కళ్లలోనూ శుక్లాలు. ముదిరితే గాని కత్తి పెట్టనని గుంటూరు డాక్టరు చెప్పాడు. ఉద్యోగం ఇంకా ఎనిమిది నెలలుంది. చూపు పోయిందని తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపిస్తారు. తరగతిలో ఇబ్బంది లేదు. పద్యాలన్నీ నోటికి వచ్చు గనుక పుస్తకం తెరిచి పట్టుకుని, అప్పుడప్పుడు పుట తిప్పుతూ పాఠం నడిపేస్తున్నారు. ఎవరూ కనిపెట్టలేదు. పరీక్ష కాగితాల దగ్గరే చిక్కొచ్చి పడింది.

నలభై ఏళ్ల కాపురంలో ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా చదివేది ఆయనే. భార్యను అడగవలసి రావడం ఇదే మొదలు. చదువుకున్న ఇల్లాలిని ఇచ్చినందుకు ఆ ఉదయం ఆయన దేవుడికి ప్రత్యేకంగా దణ్ణం పెట్టుకున్నారు. పెళ్లిచూపుల్లో పారాయణ గ్రంథం ముందు పెడితే ఎక్కడా తడుముకోకుండా వినిపించిన పిల్ల. ఆనాటి నుంచి ఆమె పారాయణం తప్పలేదు. పోయిన ఏడు గ్రంథం అట్టలు ఊడితే నరసరావుపేటలో పుస్తకాలు కుట్టే మన్సూరు చేత, ఊరందరి పుస్తకాలతో పాటే, ఎర్ర కాలికో బైండు వేయించారు. ఆగింది ఆ నాలుగు రోజులే.

కిరసనాయిలు రేషను గనుక పగలే కూర్చున్నారు. ప్రశ్న ఒకటే. వాన మీద రెండు పద్యాలిచ్చి, పోల్చి రాయమన్నారు.

ముందు ఆ రెండూ ఒకసారి చెప్పమని, చెవిలో ఉంటే తేలికగా ఉంటుందని ఆమె అడిగింది. ఆయన రాగం తీసి చెప్పారు. మొదటి దానిలో వాన రాజులా ఊరేగి వస్తుంది. ఉరుములు భేరీలు, మెరుపులు జెండాలు. రెండో దానిలో మూడేళ్ల కరువు చూసిన ఒక ఇల్లాలు చూరు కింద బిందె పెట్టి కూర్చుని ఉంటుంది. అంతే.

హనుమాయమ్మ గొంతు సవరించుకుంది.

మొదటి పది కాగితాలూ వింటూ శేషగిరిరావు పొంగిపోయారు. తాను తరగతిలో చెప్పిన మాటలు, ఇంట్లో వల్లించుకున్న మాటలు పొల్లుపోకుండా తిరిగి వస్తున్నాయి. తన పాఠం గోడలకు పోలేదన్నమాట. మార్కు చెప్పగానే ఆమె ఆయన వేలిని దారం ముడి ఉన్న మూలకు తీసుకెళ్లి ఆనించేది. ఆయన అక్కడ అంకె వేసేవారు.

పాలు పొంగే వేళకు వచ్చిన కాగితాలు మాత్రం పొట్టిగా ఉండేవి.

"ఇదేందండీ, రెండు ముక్కలు రాసి ఊరుకున్నారు," అంటూ ఆమె లేచేది. ఐదు మార్కులు పడేవి.

మధ్యాహ్నానికి పాఠంలోని మాటలు అయిపోయాయి. అప్పుడొక కాగితం వచ్చింది.

"మొదటి పద్యంలో వాన చానా ఆర్భాటంగా వచ్చింది," అని వినిపించింది హనుమాయమ్మ. "కానీ అందులో ఎవరూ తడవలేదు. రెండో పద్యంలో వాన ఇంకా రానేలేదు. అయినా బిందె అడుగున మొదటి చుక్క చప్పుడు నాకు వినపడింది."

శేషగిరిరావు కలం కింద పెట్టేశారు.

"ఇరవై ఏళ్ల నించి చెబుతున్నానే ఈ పద్యాలు," అన్నారు. "నాకు తట్టలేదే ఈ మాట."

ఇరవైకి పద్దెనిమిది వేశారు.

మూడో రోజు హెడ్మాస్టరు బ్రహ్మానందం వచ్చాడు. ఒకప్పుడు శేషగిరిరావు దగ్గరే చదువుకున్నవాడు. చేతిలో రెండు కాగితాలున్నాయి. తరగతిలో మొదట వచ్చే ఇందిరకు ఐదు మార్కులు పడ్డాయి. పిల్ల నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. జక్కయ్యకు పద్దెనిమిది పడ్డాయి, వాడే నమ్మలేకపోతున్నాడు. జక్కయ్య కాగితం ఒకసారి చూడమని మాస్టారి చేతిలో పెట్టాడు.

"యుద్ధం వచ్చి కాగితం కరువైంది గదయ్యా. చీమ తలకాయంత అక్షరాలు రాస్తన్నారు," అన్నారు శేషగిరిరావు. "ఏమే, నువ్వు చదివి వినిపించు."

హనుమాయమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"పద్దెనిమిది పడ్డ కాగితమే గదా నాయనా?" అని అడిగి తీసుకుంది. ఎవరూ తడవని వాన గురించి, బిందెలో చుక్క చప్పుడు గురించి ఒక్క మాట పొల్లుపోకుండా వినిపించింది.

బ్రహ్మానందం ఆ కాగితం ఇంటి దగ్గరే చూసుకుని వచ్చాడు. అందులో ఉన్నది మూడే వాక్యాలు. 'రెండు పద్యములును బాగున్నవి. మొదటి దానిలో వాన కలదు. రెండవ దానిలోను కలదు.'

అతను మాస్టారి వైపు చూశాడు. ఆయన చూపు గోడ మీద ఎక్కడో ఉంది. సంగతి అర్థమైంది. ఆయనకు కళ్లు లేవు. ఈ తల్లి పిల్లల మీద జాలిపడి, లేనిది చేర్చి చదువుతోంది. బోర్డుకు ఒక్క ఉత్తరం రాస్తే చాలు. కానీ మాస్టారి ముఖం దీపం పెట్టినట్టు ఉంది.

"మార్కులు సరిపోయినయి మాస్టారూ," అన్నాడు. "ఇందిర కాగితం నేను చూసుకుంటాలెండి."

వసారాలోకి వచ్చాక గొంతు తగ్గించాడు.

"జాలి మంచిదే అమ్మగారూ. పెద్దపరీక్షకి మాత్రం ఉన్నది ఉన్నట్టు చదవండి. మాస్టారి కళ్ల సంగతి నా దగ్గరే ఆగిద్ది."

"అట్నే నాయనా," అని హనుమాయమ్మ తల దించుకుంది.

పారాయణం వేళయింది. ఆమె వసారాలోనే వ్యాసపీఠం ముందు కూర్చుని ఎర్ర అట్ట తెరిచింది. భక్తుడి మొర విని దేవుడు ఉన్నవాడు ఉన్నట్టుగా పరుగెత్తుకొచ్చే ఘట్టం. మొర ఎట్లా పెట్టుకున్నా ఆయన వింటాడట. వేలు వరస వెంబడి కదులుతోంది. గొంతు ఎక్కడా తడుముకోలేదు.

పారాయణం మధ్యలో వెళ్లేవాళ్లు గ్రంథానికి మొక్కి వెళ్లడం ఆచారం. బ్రహ్మానందం చెప్పులు విడిచి, వంగి, పుట మీదికి తల ఆనించబోయాడు.

ఆమె వేలి కింద, పసుపు బొట్టు పెట్టిన ఆ పుటలో, గేదెలకు గాలికుంటు వస్తే వేపాకు కషాయంతో గిట్టలు కడిగే విధానం అచ్చయి ఉంది.