చీమకైనా

"ఒక్క రుద్దు ఎక్కువైందంటే చీమ ఉండదు," అన్నాడు ప్రొఫెసర్.

"తెలుసు సార్," అన్నాడు సానపట్టేవాడు. అతని చెయ్యి తప్పడం ఎవరూ చూడలేదు.

బల్ల మీద, సానపట్టేవాడి చనిపోయిన భార్య లాకెట్. వెండి తొడుగులో అంబర్ రాయి. ఏనాటిదో చెట్టు జిగురు గట్టిపడి రాయైంది. మధ్యలో చీమ. దాని వెనకంతా మబ్బు.

పెళ్లినాటికే అది ఆమె మెడలో ఉంది. ఎక్కడిదని అడిగితే "ఉందిలెండి" అనేది. స్నానానికి కూడా తీసేది కాదు.

కూతురు ఫోటో పంపగానే ప్రొఫెసర్ రెక్కలు కట్టుకుని వాలాడు. ఆ జాతి చీమలు మనిషి పుట్టకముందే అంతరించాయట. లోకంలో దొరికింది ఇదొక్కటేనట. దాని మీసాలు కనబడాలంటే రాయిని ఒకవైపు అరగదీయాలి.

"చీమకి అమ్మ పేరు పెడతారట నాన్నా! అమ్మ పేరు పుస్తకాల్లో ఉండిపోతుంది."

"తగిన పేరే. చీమకైనా అపకారం చెయ్యని మనిషి మీ అమ్మ."

కూతురు కళ్లు తుడుచుకుని ప్రొఫెసర్ వైపు తిరిగింది. "మీ ఆవిడ పేరు ఏ చీమకీ పెట్టలేదా సార్?"

"పెళ్లెక్కడమ్మా! చీమలతోనే నా కాపురం." నవ్వాడు. లాకెట్ ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వెనక అడ్డంగా నెర్రె ఉంటుంది. అటు నొక్కకండి."

సానపట్టేవాడు తలెత్తి ప్రొఫెసర్ వైపు చూశాడు. తర్వాత తొడుగు విప్పాడు. రాయి తిప్పి చూశాడు.

"ఉంది సార్."

చక్రం తిరిగింది. దాని మీద నీళ్లు చుక్కలుగా పడుతున్నాయి. ప్రొఫెసర్ ముందుకు వంగాడు.

"చాలు. చాలండీ... ఆపండి!"

చక్రం ఆగింది. రాయిలో చీమ లేదు. పచ్చటి నీళ్లు బల్ల అంచు నుంచి కారుతున్నాయి.

"ఎంత పని చేశావు నాన్నా! నీ చెయ్యి ఎప్పుడూ జారదే!"

"వయసమ్మా."

ప్రొఫెసర్ నేల మీద కూలబడి, ఆ నీళ్లలో వేళ్లతో వెతుకుతున్నాడు. అతని భుజాలు ఎగసిపడుతున్నాయి. కూతురు గోడవైపు తిరిగి ఏడుస్తోంది.

సానపట్టేవాడికి చీమ కుట్టినట్టయినా లేదు. చేతులు కడుక్కుని, ఖాళీ తొడుగును చెత్తబుట్టలో పడేశాడు.

పెళ్లికి ముందు వేయించిన ఆ వెండి తొడుగును ఈరోజు దాకా ఎవరూ విప్పలేదు; దాని కింద నెర్రె ఉందని ప్రొఫెసర్ మాత్రం విప్పకముందే చెప్పాడు.