మూడు చాళ్ళు

"నిచ్చెన దగ్గరికి రాకు అవ్వా, మీద రంగు పడుతుంది," అంది పులానె, వెనక్కి తిరక్కుండానే.

కొండల మీంచి దిగిన పొగమంచు సగం ఊరిని దాచేసింది. అందులోంచి ఎవరో ముసలావిడ వచ్చి, గోడకెదురుగా రాయి మీద కూర్చుంది. పట్నం బస్సు కోసమట.

"అడ్డం రానులే తల్లీ. చూస్తూ కూర్చుంటాను."

హా సెకోటీ ఒకప్పుడు ఉన్ని బస్తాలతో కళకళలాడిన ఊరు. ఉన్ని కొనేవాళ్ళు రావడం మానేశాక దుకాణాలు మూతపడ్డాయి, మనుషులు వెళ్ళిపోయారు.

పులానె గోడలకి బొమ్మలు వేస్తానన్నప్పుడు, ఆకలేస్తే గోడలు నాకమంటావా అని ఊళ్ళోవాళ్ళు నవ్వారు.

ఇప్పుడు కొండలకెళ్ళే కార్లు ఆ బొమ్మల కోసం ఆగుతున్నాయి. టీ దుకాణం మళ్ళీ తెరిచారు. నవ్వినవాళ్ళే మా గోడకెప్పుడు వేస్తావని వెంటపడుతున్నారు.

మిగిలింది పాత ఉన్ని గోదాము గోడ. దాని మీద మంచులో నడిచివస్తున్న ఒక ఆడమనిషి, ఆమె దుప్పట్లో పసిబిడ్డ.

అంతా అయింది, ముఖం తప్ప. రేపే ఊళ్ళో బొమ్మల గోడల పండగ.

"ముఖం వెయ్యలేదేం?" ముసలావిడ అడిగింది.

"తెలిస్తే కదా వెయ్యడానికి. ఫొటో కూడా లేదు. ఒకరు కోలముఖమంటారు, ఒకరు గుండ్రమంటారు. మా నాయనమ్మకేమో చూపు పోయింది."

"ఎవరావిడ?"

కుంచె ఆపకుండానే పులానె చెప్పింది. నలభై ఏళ్ళ కిందట, పెద్ద మంచు పడిన ఏడాది, మగవాళ్ళంతా గనుల్లో ఉన్నారు. ఊళ్ళో ఓ పసిపిల్ల ఊపిరాడక కొట్టుకుంటోంది. కొత్తగా కాపురానికొచ్చిన మాలినేయో ఆ పిల్లని ఎత్తుకుని, కనుమ దాటి ఆసుపత్రికి నడిచింది. పిల్లని నర్సు చేతుల్లో పెట్టి అక్కడే పడిపోయింది. ఆమెని ఎక్కడో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. మళ్ళీ ఈ ఊరు రాలేదు.



"ఆ పిల్ల బతికిందా?" ముసలావిడ అడిగింది.

"బతక్కపోతే ఈ నిచ్చెనెక్కింది దయ్యమా?" పులానె నవ్వింది. తర్వాత ఆమె గొంతు మెత్తబడింది. "ఊహ తెలిసినప్పట్నుంచీ ఆ ముఖమే వెతుకుతున్నానవ్వా. ఒక్కసారి కనపడితే చాలు, కాళ్ళు పట్టుకుని వదలను."



కాసేపటికి కింద తడి చప్పుడైంది. పులానె వంగి చూసింది. పైనుంచి కోసుగా ఉన్న గడ్డిటోపీ, బూడిదరంగు దుప్పటి తప్ప ఏమీ కనపడలేదు.

ముసలావిడ గోడ అడుగున ఎర్రమట్టి మెత్తి, వేళ్ళతో చాళ్ళు తీస్తోంది. ఇంట్లో బిడ్డ బతికి బట్టకడితే ఆ ఊరి ఆడవాళ్ళు గోడకి నాలుగు వేళ్ళ చాళ్ళు తీస్తారు.

పులానెకి ఒళ్ళు మండింది. "రేపు పండగ పెట్టుకుని గోడ పాడుచేస్తావా? నీ ఇంటికెళ్ళి గీసుకో."

"శుభం జరిగిన గోడ తల్లీ. చాళ్ళు లేకుండా ఉండకూడదు. నేను..."

"నువ్వేం చెప్పకు. ముందు లే అక్కణ్ణుంచి."

బస్సు హారన్ వినపడింది. గడ్డిటోపీ నెమ్మదిగా లేచింది. దుప్పటి పొగమంచులో కలిసిపోయింది.

సాయంత్రం నాయనమ్మ కర్ర ఊతంతో జొన్నసంకటి తెచ్చింది. పులానె తినకుండా గోడ గొడవే చెప్పింది.

"తుడిచేస్తా ఉండు," అంటూ గుడ్డ తడిపింది.

నాయనమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. వంగి, తడుముకుంటూ తన నాలుగు వేళ్ళూ చాళ్ళలో పెట్టింది.

మూడు వేళ్ళు కుదిరాయి. చిటికెన వేలికి చాలు లేదు.

ఇంకోచోట పెట్టింది. అక్కడా అంతే.

"మనిషి ఎలా ఉందే?"

"ఏమో నాయనమ్మా. నేను చూడలేదు."

"బాధపడతావని నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు." నాయనమ్మ చాళ్ళ మీంచి చెయ్యి తియ్యలేదు. "నీ మీద దుప్పటి జారకుండా పట్టుకున్న చెయ్యి దారంతా మంచులోనే ఉండిపోయింది. మాలినేయో చిటికెన వేలు ఆ చలికే పోయింది."