కుళ్లని స్తంభం

మ్యూజియంలో నూరేళ్లు నిలబడ్డ టోటెం స్తంభం, పూర్వీకుల గుర్తులు చెక్కిన నిలువెత్తు మాను, కెనడా పడమటి తీరంలోని హైదా తెగవాళ్ల ఊరికి తిరిగొచ్చి మూడేళ్లయింది. నిలబెట్టిన స్తంభం ఏనాటికైనా కూలి మట్టిలో కలవాలని వాళ్ల ఆచారం. దీనికి మాత్రం నాచైనా పట్టలేదు. లోకంలోని మ్యూజియంలన్నీ వాడే చెడనివ్వని మందు దాని చెక్క నిండా ఇంకిపోయింది.

పక్కనే బంగాళాదుంపలు నాటడానికి లూసిల్ మట్టి తవ్వింది. నిరుడు ఎరువుకని పాతిన చేప తలలు ఎర్రటి మొప్పలతో, తళతళలాడే కళ్లతో బయటపడ్డాయి.

"మందు మట్టిలోకి దిగినట్టుందక్కా," అన్నాడు తమ్ముడు వెర్నన్. "వాన నీళ్లు ఎటు పారితే అటల్లా పోయుంటుంది."

లూసిల్ పార వదిలేసి పల్లంవైపు చూసింది. నిరుడు అమ్మను పూడ్చింది అక్కడే. ఆనాడు ఉంచిన పూలలో ఒక్క రేకూ వాడలేదు.