బోర్లించిన నక్షత్రం

ముసలాయన ఎవరి మనిషో ఎవరూ అడగలేదు.

గైడు తూరియా వెనక పదిమంది ఫ్రెంచివాళ్ళు వర్క్‌షాపులోకి వచ్చారు. వాళ్ళ వెనకే ఆయనా వచ్చాడు. ఒంటిమీద వెలిసిపోయిన పొడుగు అంగీ, జెల్లాబా, చేతిలో ప్లాస్టిక్ సంచి.

ఇక్కడి పనివాడే కాబోలు అనుకుంది తూరియా.

తూరియా తెచ్చిన మనిషే కాబోలు అనుకున్నాడు పెంకుపని మేస్త్రీ మాలెం ఫద్దూల్.

ముసలాయన చెప్పులు విప్పి, తిన్నగా వెళ్ళి, ఫద్దూల్ పక్కన రంగుల వారీగా పోసిన ముక్కల కుప్పల దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"రావయ్యా రా, మా ఇంట్లో పెళ్ళి," అన్నాడు ఫద్దూల్.

తూరియా నవ్వింది. ఫద్దూల్ నవ్వలేదు. అతని ధ్యాసంతా శుక్రవారం మీదే ఉంది.

మసీదు సందులో వీధంతా నీళ్ళు పట్టుకునే ఫౌంటెన్ గోడ, పోయిన చలికాలం వానలకు సగం రాలిపోయింది. ఆ సగాన్ని ఫద్దూల్ ఇక్కడ కొత్తగా చేస్తున్నాడు. శుక్రవారం ప్రార్థన అయ్యాక పెద్దలు చూస్తారు. నచ్చితే మసీదు లోపలి పనంతా అతనిదే. నచ్చకపోతే, ఆ పనికోసం మెక్నెస్ ఊరి మేస్త్రీలు కాచుక్కూర్చున్నారు.

జెలీజ్ ముక్కల్ని, అంటే ఒకవైపే రంగు మెరుగున్న పెంకుల్ని, బోర్లా పేర్చాలి. రంగు నేలవైపు, మట్టి మనవైపు. పేర్చాక పచ్చా నలుపూ తెలుపూ అన్నీ ఒకేలా ఉంటాయి. ఏది ఎక్కడ పడిందో పేర్చిన చేతికి తెలియాలంతే. వెనక సిమెంటు పోసి, ఆరాక నిలబెడితేగానీ అది పువ్వో పుండో తేలదు.

"ఆ ఫౌంటెన్ మొదట ఎవరు చేశారని అడుగుతున్నారు మాలెం," అంది తూరియా.

"మా నాయన అని చెప్పు. నలభై ఏళ్ళయింది. అది కట్టిన ఏడాదికే పోయాడు. నాకు ఆయన మొహం గుర్తులేదు గానీ, ఊరంతా చెబుతుంది. ఇంకొకడి వేలు కూడా దాని మీద పడలేదని చెప్పు."

తూరియా చెప్పింది. వాళ్ళు ఆహా అన్నారు.

ముసలాయన తల వంచుకుని ఒక ముక్కను బొటనవేలితో తుడుస్తూ కూర్చున్నాడు.

"ఫొటో! మాలెం, ఇటు చూడండి!" అంది తూరియా.

ఫద్దూల్ మొహం ఎత్తి నవ్వాడు. చెయ్యి దాని దారిన అది ఒక కుప్పలోకి వెళ్ళి, ముక్క తీసి, పేరుస్తున్న నక్షత్రం నడుమ పెట్టింది.

"నాయనా, అది నలుపు," అన్నాడు ముసలాయన.

"ఏది?"

"ఇప్పుడు పెట్టింది. అక్కడ పచ్చ రావాలి."

ముక్క ఎత్తి చూస్తే సరిపోయేది. కానీ పది ఫోన్లు అతన్నే చూస్తున్నాయి.

"నీకెలా తెలుసయ్యా? నేల కింద దూరి చూశావా?"

"నీ చెయ్యి చూశాను."

ముసలాయన ముక్క తీయడానికి వేళ్ళు చాపాడు. ఫద్దూల్ ఆ చేతిని ఫట్టున కొట్టాడు.

"ఏయ్! తూరియా, నీ మనిషిని లేపు!"

"నా మనిషా? మీ మనిషనుకున్నాను!"

"ఎవడికీ కానివాడివా అయితే? టీ నీళ్ళకి వచ్చి మాలెంకి పాఠాలా! లే, లే!"

ఇదీ చూపించే ఆటలో భాగమేననుకుని ఫ్రెంచివాళ్ళు చప్పట్లు కొట్టారు.

ముసలాయన చెప్పులు తొడుక్కున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"సిమెంటు పోసేముందు ఒక్కసారి చూసుకో నాయనా."

బయట "బాలక్! బాలక్!" అని దారి ఇమ్మంటూ తోలేవాడు అరుస్తుంటే, తోళ్ళ మోపులతో కంచరగాడిద వచ్చింది. ఆయన గోడకు ఒత్తుకుని దారిచ్చాడు. అది దాటిపోయేసరికి సందులో లేడు.

గుంపు వెళ్ళిపోయాక ఫద్దూల్ ఆ ముక్క మీద వేలు పెట్టాడు. తీసేశాడు. ఒకటి ఎత్తితే చుట్టూ పది కదులుతాయి అని తనకు తాను చెప్పుకున్నాడు. అసలు భయం అది కాదు. ముసలాడి మాట నిజమైతే?

సిమెంటు పోసేశాడు.

శుక్రవారం ప్రార్థన అయ్యాక, ఫౌంటెన్ దగ్గర, వీధంతా చూస్తుండగా, నలుగురు పట్టి పలకను నిలబెట్టారు.

తెలుపు మెరిసింది. పచ్చ మెరిసింది. నక్షత్రం నడుమ నల్లగా, నవ్వే నోట్లో పన్ను ఊడినట్టు, ఒక్క ముక్క.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మీ నాయన చేసిన సగం పక్కన దీన్ని ఎలా పెట్టమంటావు ఫద్దూల్?" అని ఒక్క మాట అడిగి పెద్దలు కదిలారు. సందు మలుపులో 'మెక్నెస్' అన్న మాట అతనికి వినిపించింది.

అందరూ పోయాక ఎదురింటి లల్లా జోహూర్ బకెట్టుతో బయటికి వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి. కోడలిగా అడుగుపెట్టిన నాటి నుంచీ ఈ సందులోనే ఉంది; ఈ గోడ కట్టడం కళ్ళారా చూసింది.

"అదేమిట్రా, ఆ పెద్దాయన బా అల్లాల్ నీ దగ్గరికి రాలేదూ?"

"అల్లాల్ ఎవరు?"

"గోడ పడిందని విని మొన్న సాఫీ ఊరి నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. ఫద్దూల్ పక్కన కూర్చుంటానని పొద్దున్నే బయల్దేరాడు. మధ్యాహ్నానికే తిరిగొచ్చి, నీళ్ళు తాగి, మారుమాట లేకుండా బస్సుకి వెళ్ళిపోయాడు. చెయ్యి మీద ఎర్రగా ఉందేమని అడిగితే, ఏం లేదన్నాడు."

ఫద్దూల్ తన అరచెయ్యి చూసుకున్నాడు.

లల్లా జోహూర్ బకెట్టు కింద పెట్టి, సందు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"పని పోతుందని మీ నాయన ఎవరికీ చెప్పొద్దన్నాడు, మేమూ చెప్పలేదు గానీ, ఈ గోడ పేర్చేనాటికి ఆయనకు పచ్చకీ నలుపుకీ తేడా తెలియనంతగా చూపు పోయిందిరా; మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా రంగు ఏరి ఆయన చేతికి అందించింది ఆ అల్లాలే."