రెండు దగ్గుల తలుపు

మా వీధి తలుపు వెయ్యాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు రెండు చేతులతో రెక్కను పైకెత్తి పట్టుకోవాలి. ఇంకొకరు గడియ తొయ్యాలి.

ఇంట్లో ఆ పనికి పనికొచ్చేవాళ్ళం ఇద్దరమే. కింది వాటాలో అన్నయ్య, పై వాటాలో నేను. చిక్కల్లా ఏమిటంటే, మేమిద్దరం మూడేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు.

గొడవ ఏ ఆస్తి దగ్గరో వచ్చి ఉంటే చెప్పుకోవడానికైనా గౌరవంగా ఉండేది. ఇంటి రంగు దగ్గర వచ్చింది. ఆయన పసుపు అన్నాడు, నేను నీలం అన్నాను. మాటా మాటా పెరిగి, చిన్నప్పుడు ఎవరి పెన్సిలు ఎవరు విరిచారో అక్కడిదాకా వెళ్ళింది. ఇల్లు ఇప్పటికీ వెలిసిపోయిన తెలుపే. మా ఇద్దరికీ యాభై దాటాయి. బుద్ధి ఇంకా రావలసి ఉంది.

పోయిన వానాకాలంలో తలుపు కుంగింది. అప్పటినుంచి రోజూ రాత్రి తొమ్మిది కాగానే ఆయన గదిలోంచి వస్తాడు, నేను మెట్లు దిగుతాను. నేను దగ్గితే ఎత్తమని. ఆయన దగ్గితే గడియ తొయ్యమని. పని కాగానే ఎవరి దారిన వాళ్ళం పోతాం. రోజు మొత్తంలో మేము ఒకరి మొహం ఒకరం చూసుకునేది అప్పుడే.

మధ్యలో ఆయనకు జ్వరం వచ్చింది. రెండు రోజులు వదిన వచ్చి తలుపు ఎత్తింది. ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. కూరలో ఉప్పు లేదని నెపం మా ఆవిడ మీదికి నెట్టాను. మూడో రోజు ఆయన గది ముందు నిలబడి, అవసరం లేకపోయినా గట్టిగా దగ్గాను. లోపల్నుంచి నీరసంగా ఓ దగ్గు వచ్చింది.

"తగ్గిందిలే, పైకి పో," అంది వదిన.

మా ఆవిడకు ఈ తంతు నచ్చలేదు. "ఇద్దరూ కలిసి ఒక్క వడ్రంగిని పిలవలేరా? ఎదురింటివాళ్ళు నవ్వుతున్నారండీ."

"ఆ మాత్రం నాకు రాదా?" అన్నాను.

నేను బాగుచేసిన ఫ్యాను మళ్ళీ తిరగలేదు. నేను బాగుచేసిన గడియారం రోజుకు రెండుసార్లే సరైన టైము చూపిస్తుంది. అవన్నీ గుర్తొచ్చి కాబోలు, మా ఆవిడ ఒక నిట్టూర్పుతో సరిపెట్టింది.

ఆదివారం స్టూలు వేసుకుని ఎక్కాను. తలుపును చట్రానికి పట్టి ఉంచే పై బందు స్క్రూలు వదులయ్యాయి. ఒక్కొక్కటే బిగించాను. బొటనవేలు నలిగింది, స్టూలు రెండుసార్లు ఒరిగింది. అయినా తలుపు లేచి నిలబడింది. గడియ ఒక్క వేలితో పడింది. నా జన్మలో నేను చేసిన పని కుదరడం అదే మొదలు. మా ఆవిడ నమ్మలేక మూడుసార్లు వేసి తీసింది.

ఆ రోజు తొమ్మిదికి అలవాటు కొద్దీ కిందికి దిగాను. మా ఆవిడ గడియ ఎప్పుడో వేసేసింది. అన్నయ్య తలుపు ముందు నిలబడి ఉన్నాడు. ఎత్తడానికి చాచిన చేతులు దించుకున్నాడు. ఒకసారి దగ్గాడు. ఆ దగ్గుకు ఏ పనీ లేదు. లోపలికి వెళ్ళిపోయాడు. నేనూ పైకెక్కాను. మా ఇంటికి పద్దెనిమిది మెట్లున్నాయని ఆ రోజే తెలిసింది.

రెండు రోజులు తిరక్కుండా తలుపు మళ్ళీ కుంగింది.

"అనుకున్నాను. మీ చెయ్యి పడ్డాక ఏది నిలిచింది గనక?" అంది మా ఆవిడ.

నాదే తప్పన్నాను. తప్పు ఒప్పుకున్న మొగుణ్ణి ఎవరూ ఎక్కువసేపు తిట్టరు.

తర్వాతి ఆదివారం కింది అంచుకు చిత్రిక పట్టాను. పట్టగా పట్టగా పిల్లి దూరేంత సందు వచ్చింది. గడియ మాత్రం దాని కన్నం దాకా చేరలేదు. పొద్దున్నే పేపరు తలుపు తియ్యకుండానే లోపలికి వస్తోంది, అదొక్కటే లాభం. తోడికోడళ్ళిద్దరూ నా పనితనం చూసి కడుపుబ్బా నవ్వుకున్నారు. తొమ్మిదింటికి రెండు దగ్గులూ యథాప్రకారం వినిపించాయి.

చివరికి వదినే వడ్రంగిని పిలిపించింది. పెద్దవాడు, పని తెలిసినవాడు. ఆయన చెయ్యి పడితే తలుపు ఇంకో ఇరవయ్యేళ్ళు కదలదని వదిన మురిసిపోయింది. అన్నయ్య ఆ గోడకు, నేను ఈ గోడకు ఆనుకుని నిలబడ్డాం.

వడ్రంగి ముందు కింది సందు చూశాడు.

"ఈ చిత్రిక ఎవరు పట్టారు?"

"నేనే."

"జబ్బు పైనుంటే మందు కింద రాశారు సార్," అన్నాడు జాలిగా.

తర్వాత స్టూలు ఎక్కి, పై బందు మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఎనిమిదింట్లో నాలుగు స్క్రూలు లేవు. వాటంతటవి ఊడినవి కావు, ఎవరో నీటుగా విప్పారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"లేరు," అన్నాం అన్నయ్యా నేనూ ఒకేసారి.

మూడేళ్ళలో మా ఇద్దరి నోటా కలిసి వచ్చిన మొదటి మాట అది.

వదిన అన్నయ్య వంక చూసింది. మా ఆవిడ నా వంక చూసింది. అన్నయ్య పైకప్పు చూస్తున్నాడు. నేను మాత్రం ఆ నాలుగు దగ్గరే ఆగిపోయాను.

నేను విప్పింది రెండే.