వెనక తలుపు

జీపు వాకిట్లో ఆగేసరికి మానసిక చికిత్స కేంద్రంలో ఒక్క రోగి కూడా లేడు.

మంచాల మీద దుప్పట్లు సగం జారి ఉన్నాయి. వరండాలో విస్తర్లలో వడ్డించిన అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. తినేవాళ్లే లేరు. ఇంత పెద్ద ఇంట్లో ఈగల చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు.

తనిఖీకి రాయ్‌పూర్ నుంచి వచ్చిన అధికారి నవీన్‌కుమార్ బూట్లు విప్పకుండానే లోపలికి వచ్చాడు. కేంద్రం నడుపుతున్న నర్సు దుర్గాభవాని ఆ బూట్ల వంక చూసి ఊరుకుంది. లైసెన్సు అడిగేవాళ్లకు నోరెక్కడిది?

"రోగులెక్కడమ్మా?"

"మీ జీపు చప్పుడుకు ఎనక తలుపుకెళ్లి ఉరికిన్రు సార్. జీపు వచ్చినా, ఎవరన్నా తలుపు గట్టిగ కొట్టినా గంతే. రాత్రిళ్లు తలుపులు కొట్టిన కాలం చూసినోళ్లు. ఇండ్లు కాలినయి, తీస్కపోయిన మనుషులు మళ్ల రాలే. ఇప్పుడంత సద్దుమణిగిందని మనకెరుక. ఈళ్ల గుండెలకు ఎవలు చెప్పాలె?"

అతను జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"జీపు ఇక్కడుంటే వాళ్లు రారు సార్," అంది ఆమె. నవీన్‌కుమార్ డ్రైవర్ వీరేందర్‌ని తర్లగూడ సెంటర్‌కి వెళ్లి భోంచేసి రమ్మన్నాడు.

వంట చేసే సారలమ్మ ఫ్యాను కింద కుర్చీ వేసింది. అతను దాన్ని ఈడ్చుకుంటూ వెళ్లి వెనక తలుపు పక్కన, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"ఆడ ఉక్క పోస్తది సారూ."

"ఇక్కడే బాగుంది."

"తెలుగు మంచిగ మాట్లాడుతున్నరు. ఏ ఊరు సారూ మీది?"

"భద్రాచలం హాస్టల్లో చదివాను."

ఊరు అడిగితే హాస్టల్ చెప్పాడు. పెద్ద ఉద్యోగుల జవాబులు అలాగే ఉంటాయని సారలమ్మ సరిపెట్టుకుంది.

"ఈ ఇంట్లో దయ్యాలు తిరుగుతయని ఊళ్లె అంటరు," అంటూ మంచినీళ్లు అందించింది. "దయ్యాలైతే నయం సారూ. అవి తలుపు కొట్టి రావు."

నీళ్లు తాగబోయిన మనిషి గ్లాసు కింద పెట్టేశాడు.

"అయితే వాళ్లని పిలుచుకు రా. ఎక్కడుంటారు?"

"ఇప్పచెట్ల సాటున ఉంటరేమో."

"చెట్ల దగ్గర ఉండరు. వాగు గట్టు కింద చూడు."

గట్టు కిందే ఉన్నారు. ఇన్ని కేంద్రాలు తనిఖీ చేసిన మనిషికి ఆ మాత్రం తెలియదా అనుకుంది దుర్గాభవాని.

ఒక్కొక్కరే వచ్చారు. కొత్త మనిషిని ఓరకంట చూసుకుంటూ విస్తర్ల ముందు కూర్చున్నారు. వాళ్లలో భీమే అనే ఆడమనిషి మాత్రం కూర్చోలేదు. వెనక గడప మీద నిలబడే ముద్దలు మింగుతోంది. ఆమె చీలమండ చుట్టూ చర్మం నల్లగా, గరుకుగా కడియంలా ఉంది.

"గొలుసు రాసుకున్నది సార్," అంది దుర్గాభవాని. "వాళ్లన్న పశువుల కొట్టంల గుంజకు కట్టేసిండు. చెడ్డోడు కాదు, ఏం చెయ్యాల్నో తెల్వక. లైసెన్సు రాకపోతే ఈ ఇల్లు మూస్తరు. మళ్ల అదే గుంజ."

నవీన్‌కుమార్ చూపు తిప్పుకున్నాడు. లేచి గదులన్నీ తిరిగాడు. కిటికీలు చూశాడు, మందుల బీరువా తాళం లాగి చూశాడు, జగదల్‌పూర్ నుంచి మానసిక వైద్యుడు ఎప్పుడెప్పుడు వస్తాడో అడిగాడు. దేనికీ వంక పెట్టలేదు. దుర్గాభవాని ప్రాణం కుదుటపడింది.

తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చుని, చెయ్యి చాచి వెనక తలుపు తోశాడు. గడియ లేని తలుపు. ఇలా తోస్తే అలా తెరుచుకుంది. ఎదురుగా అడవి.

"దీన్ని ఇటుకలతో మూసేయించండి. అప్పుడే లైసెన్సు."

"సార్, మూస్తే ఈళ్లకు ఇది జైలే. ఒక్కలు నిద్ర పోరు. ఆ తలుపు ఉందనే ఈడ ఉంటున్నరు."

"మతిస్థిమితం లేనివాళ్లు అడవిలోకి పరుగెడితే? పామో, వాగులో నీళ్లో, ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత?"

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే దుర్గాభవానికి దుఃఖం తెప్పించింది.

"భయం రోగం సార్. మందు పని చేసేదాంక దానికి ఒక దారి ఇడిసిపెట్టాలె."

"భయపడ్డ వాళ్లందరికీ దారి ఇస్తూ పోతే మందెందుకమ్మా? ఎన్నాళ్లు పరుగెడతారు? ఎప్పుడో ఒకప్పుడు ఆగాలి కదా. మనిషి గట్టిగా అనుకుంటే ఆగొచ్చు. అంతా మర్చిపోయి బతకొచ్చు."

గొంతు అవసరానికి మించి లేచింది. అది అతనికీ తెలిసినట్టుంది, దగ్గి సర్దుకున్నాడు. కలం మూత తీసి, కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. దుర్గాభవాని భీమే కాలి వంక చూసింది. ఇక కళ్లనీళ్లు ఆగలేదు.

అప్పుడు ముందు తలుపు దడదడలాడింది. ఎవరో పిడికిలితో కొడుతున్నారు.

విస్తర్లు తొక్కుకుంటూ అందరూ లేచారు. నీళ్ల బిందె దొర్లింది. దుర్గాభవాని పరుగున వెళ్లి ముందు తలుపు తీసింది. ఎదురుగా వీరేందర్, నోట్లో వక్కపొడి నములుతూ నిలబడి ఉన్నాడు.

"భోజనం అయింది మేడం. జీపు దూరంగానే ఆపి వచ్చాను. సార్ బయలుదేరతారేమో అని."

ఆమె వెనక్కి తిరిగి చూసింది.

బార్లా తెరిచిన వెనక తలుపులోంచి, వాగు వైపు పరుగెత్తుతున్న వాళ్లలో అందరికంటే ముందు నవీన్‌కుమార్ ఉన్నాడు.